ఎర్ర పళ్ళపొడి, చిగుళ్ళ తైలం కొనేముందు ఇది చదవండి

రెండు నెలల కిందట అమ్మకు బ్రష్ చేసినప్పుడల్లా చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది. ఆమెకు షుగర్ కూడా ఉంది. అప్పుడే నా ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. 21 రోజుల్లో రక్తం ఆగిపోతుందట, జారిన చిగురు మళ్ళీ పెరుగుతుందట, అంతా మూలికలేనట. పళ్ళపొడి డబ్బా, చిన్న తైలం సీసా కలిపి 899 రూపాయలు. ఆర్డర్ పెట్టింది నేనే. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

వారం తిరక్కుండానే అమ్మ "రక్తం ఆగిందే" అంది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆగలేదండీ. పొడి రంగే కావిరంగు. ఉమ్మితే బేసిన్ అంతా ఎర్రగా ఉంటుంది, ఇక అందులో రక్తం ఏం కనబడుతుంది? తర్వాత ఓ చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాను. ఇటుకపొడిలా గరగరలాడింది. అలాంటిదాన్ని రోజూ వేలితో రుద్దితే పళ్ళు అరుగుతాయి, చిగురు ఒరుసుకుపోతుంది.

తైలం ఇంకా ఘోరం. మూత తీస్తే గుప్పున లవంగం వాసన. దేనిలోనూ కలపకుండా దూదితో నేరుగా చిగురుకు అద్దమన్నారు. మూడోసారికి కింది చిగురు మీద గోరంత మేర తెల్లటి పొర లేచింది. ఆ రాత్రి అమ్మ పెరుగన్నం కూడా మింగలేకపోయింది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనన్నారు. డబ్బు అడిగితే సీల్ తీశాక రిటర్న్ లేదన్నారు.

పళ్ళ డాక్టరు చూడగానే చెప్పారు, చిక్కటి లవంగనూనె నేరుగా తగిలి చిగురు కాలిందని. అసలు జబ్బు పళ్ళ వెనక పేరుకున్న గార. పాచి గట్టిపడి గార అయ్యాక బ్రష్షే దాన్ని కదపలేదు, పొడులూ తైలాలూ ఏం చేస్తాయి? క్లీనింగ్ చేయించాల్సిందే. పళ్ళు వదులైపోతాయని అమ్మ ఇన్నేళ్ళూ క్లీనింగ్‌కు ఒప్పుకోలేదు. గారవల్ల వచ్చే వాపే లోపలి ఎముకను తినేసి పళ్ళను వదులు చేస్తుందట. జారిన చిగురు దానంతటది తిరిగి పెరగదు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది.

ఇంట్లో చేసుకోదగ్గవి డబ్బు ఖర్చు లేనివే. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయడం, మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా రెండేసి నిమిషాలు నెమ్మదిగా తోముకోవడం. నువ్వులనూనె పుక్కిలించే అలవాటుంటే మానక్కర్లేదు, కానీ అది బ్రష్‌కు బదులు కాదు. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే, పన్ను కదిలినా, చీము కనబడినా, చిట్కాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కొనక తప్పదనుకుంటే డబ్బా తిప్పి చూడండి. మాకు వచ్చినదాని మీద తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, లోపల ఏమున్నాయో రాయాల్సినచోట "అరుదైన మూలికలు" అని మాత్రమే ఉంది. పళ్ళపొడుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం 1992లోనే నిషేధించింది. ఏం కలిపారో రాయని డబ్బాలో అది లేదని ఎలా నమ్ముతాం?

డబ్బా, సీసా, బిల్లు పారేయకుండా కవర్లో కట్టి ఉంచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు కూడా చేశాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఎర్ర పొడి వాడుతుంటే, రేపు పొద్దున ఒక్కసారి మామూలు పేస్టుతో తోమించి, ఉమ్మిన నురుగు ఏ రంగులో ఉందో చూడండి.