పాత అంబాసిడర్‌కు ఏ క్లచ్ మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్‌కు క్లచ్ మార్చాలని ఒక్క మాట అని చూడండి, నిమిషంలో నాలుగు సలహాలు వస్తాయి. పాత ప్లేటుకే కొత్త లైనింగ్ (ప్లేటుకు రెండు వైపులా ఉండే రాపిడి పొర) కొట్టించమంటారు ఒకరు. పెట్టెలో వచ్చే కొత్త సెట్టు వేసి చేతులు దులుపుకోమంటారు ఇంకొకరు. పళ్లెం లాంటి ఒకే స్ప్రింగుండే డయాఫ్రమ్ రకానికి మార్చేస్తే కాలికి సుఖమంటారు మూడో మనిషి. లారీలకు వేసే సిరామిక్ బటన్ల ప్లేటు వేస్తే ఇక ఈ జన్మకు జారదని నాలుగో మనిషి భరోసా. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తమ షెడ్డుకు రోజూ వచ్చే బండ్లను బట్టి చెబుతున్నారు, అంతే. మీ బండి ఏమిటో, అది ఎక్కడ ఎంత తిరుగుతుందో తేల్చుకోవలసింది మీరే.

నేను చెప్పబోయేది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న మార్క్ 2, మార్క్ 3 కాలపు బండ్ల గురించి. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మన ఉత్తరపారాలో అంబాసిడర్ అయింది. దాని ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ సిరీస్ కుటుంబానిది. శక్తి దాదాపు 50 హార్స్ పవర్, టార్కు, అంటే తిప్పే బలం, సుమారు 100 న్యూటన్ మీటర్లు. ఈ రెండో అంకెను గుర్తుంచుకోండి, సిరామిక్ దగ్గర పనికొస్తుంది. 1990ల్లో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ బండి సంగతి వేరు. కౌంటర్‌లో వట్టి ‘అంబాసిడర్ క్లచ్’ అని అడిగితే చేతిలో పెట్టేది చాలాసార్లు దానిదే. అందుకే పాత ప్లేటు విప్పి, తుడిచి, సంచిలో వేసుకుని వెళ్లాలి. వ్యాసం, స్ప్లైన్ పళ్ల (గేర్‌బాక్సు షాఫ్టుపై కూర్చునే గాడుల) లెక్క, నడిమి హబ్బు ఎటువైపు పొడుచుకొచ్చిందీ అక్కడే పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ముందుగా పాత రకం, కొత్త రకం తేడా ఏమిటో చూద్దాం. ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దానికి బిగించిన కవరులోని ప్రెజర్ ప్లేటు, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పడుతుంది. పెడల్ తొక్కితే వదులుతుంది. పాత బోర్గ్ అండ్ బెక్ తరహా ప్రెజర్ ప్లేటులో కవరు కింద చుట్టూ కాయిల్ స్ప్రింగులు ఉంటాయి, నడుమకు మూడు వేళ్లు చొచ్చుకొస్తాయి. ఆ వేళ్లను నెట్టడానికి బాల్ బేరింగ్ ఉండదు, నల్లటి కార్బన్ దిమ్మె ఉంటుంది. డయాఫ్రమ్‌లో ఇన్ని ముక్కలు లేవు. చీలికలు కోసిన పళ్లెం లాంటి ఒకే స్ప్రింగు అన్ని పనులూ చేస్తుంది. లైనింగ్ అరిగేకొద్దీ కాయిల్ స్ప్రింగులు సాగి వాటి పట్టు తగ్గుతూ పోతుంది. డయాఫ్రమ్ పట్టు మాత్రం అరుగుదల మొదట్లో కాస్త పెరిగి, తర్వాత మెల్లగా దిగుతుంది. పెడల్ దగ్గరా తేడా తెలుస్తుంది. కాయిల్ రకంలో తొక్కేకొద్దీ బరువు పెరుగుతుంది. డయాఫ్రమ్‌లో సగం దాటగానే కాలి కింద బరువు తేలిపోతుంది. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నళ్ల దగ్గర పదే పదే క్లచ్ తొక్కే మనిషికి ఈ తేడా ఎంత ముఖ్యమో, ఆదివారం పొద్దున్నే బండి బయటికి తీసే మనిషికి అంత అప్రధానం.

నా మొగ్గు దాచుకోను. అప్పుడప్పుడు తిరిగే బండికి పాత ప్లేటు, పాత కవరు బాగుచేయించడమే మేలు. రోజూ ఊళ్లో తిరిగే బండికి డయాఫ్రమ్, అదీ ఫ్లైవీల్‌కు కొత్త రంధ్రాలు వేయకుండా కూర్చుంటేనే. పెట్టెలో వచ్చే కొత్త సెట్టు మూడో స్థానం. సిరామిక్ ఈ పోటీలోనే లేదు.

లైనింగ్ కొట్టించడాన్ని చాలామంది చవక పని అనుకుంటారు. సరిగా చేస్తే అది చవకా కాదు, తేలికా కాదు. మంచి క్లచ్ ప్లేటులో రెండు లైనింగుల నడుమ అలలుగా వంచిన పల్చని ఉక్కు రేకులు ఉంటాయి. క్లచ్ వదిలేటప్పుడు ఆ అలలు మెల్లగా అణుగుతాయి కాబట్టే బండి కుదుపు లేకుండా కదులుతుంది. రివెట్లు కొట్టే తీరులో ఈ రేకుల ప్రాణం ఉంది. ఒక రివెట్టు ఒక లైనింగ్‌నే రేకుకు పట్టించాలి. దాని వెనక భాగం ఎదుటి లైనింగ్‌లో ఉన్న పెద్ద రంధ్రంలో ఖాళీగా ఆడాలి. పక్క రివెట్టు అటునుంచి ఇటు రావాలి. తొందరలో రెండు లైనింగులనూ కలిపి ఒకే రివెట్టుతో బిగించారంటే అలలు చదునైపోతాయి. అలాంటి ప్లేటు చూడటానికి కొత్తదిలాగే ఉంటుంది. బండి ఎక్కి మొదటి గేరులో వదలగానే ముందుకు దూకుతుంది. పని పూర్తయ్యాక ప్లేటును కళ్లెత్తున పట్టుకుని అంచు వైపునుంచి వెలుతురులోకి చూడండి. రెండు లైనింగుల మధ్య సన్నని సందు కనపడాలి, వేళ్లతో నొక్కితే కాస్త లొంగాలి. అది లేకపోతే తిరిగి చేయించాలి. రివెట్టు తలలు లైనింగ్ లోపలికి బాగా దిగి ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. పైకి తేలితే ఫ్లైవీల్‌ను గీకేస్తాయి.

తర్వాత స్ప్లైన్ పళ్లు, హబ్బు చుట్టూ ఉండే చిన్న స్ప్రింగులు. ప్లేటును గేర్‌బాక్సు షాఫ్టుపై జార్చి అటూఇటూ తిప్పితే గలగల వినిపించకూడదు. పళ్లు అరిగిపోయిన ప్లేటుకు ఎంత మంచి లైనింగ్ వేసినా డబ్బు దండగ. ప్లేటు వంకర ఉందేమో లేతు మీద డయల్ గేజీ పెట్టి చూడమనండి. అర మిల్లీమీటరు దాటితే ఒప్పుకోకండి, గేరు మార్చినప్పుడల్లా గరగరమంటుంది.

కవరు వంతు. స్ప్రింగులు వేడికి రంగు మారాయా, ఎత్తులు సమానంగా ఉన్నాయా చూసి, తేడా ఉంటే మొత్తం సెట్టుగా మార్చాలి. ప్రెజర్ ప్లేటు ముఖాన్ని లేతు మీద సాపు చేయించాలి. ఎంత మందం తీశారో రాయించుకోండి, ఎందుకంటే ఆ మేరకు స్ప్రింగుల పట్టు తగ్గుతుంది. అన్నిటికన్నా ఓపిక కావలసిన పని మూడు వేళ్ల ఎత్తు సరిచేయడం. ఒక్క వేలు కాస్త పైకున్నా ప్లేటు ఒక పక్క ముందు విడిపోతుంది, ఇంకో పక్క పట్టుకునే ఉంటుంది. బండి బయలుదేరేటప్పుడు వణికితే చాలామంది ఇంజిన్ మౌంటింగులను తిట్టుకుంటారు కానీ, దోషం తరచుగా ఈ వేళ్లదే. ఈ పని చేయగల పెద్ద మేస్త్రీలు విజయవాడలోనూ గుంటూరులోనూ ఇంకా ఉన్నారు. వారు ఉన్నన్నాళ్లూ ఈ దారికి నా ఓటు.

పెట్టెలో వచ్చే కొత్త సెట్టులోనూ రెండు రకాలు. ఈ మధ్య తయారైనది ఒకటి, దశాబ్దాలుగా అలమరలో ఉండిపోయిన పాత స్టాకు మరొకటి. రెండోదాన్ని చూస్తే పాత బండ్ల ప్రేమికులకు నోరూరుతుంది. అసలు కంపెనీ పెట్టె, పసుపు పచ్చబడిన లేబులు, విప్పని కాగితం. కానీ కృష్ణ ఒడ్డు తేమలో అన్నేళ్లు ఉన్న ఉక్కుకు తుప్పు పట్టకుండా ఉంటుందా? లైనింగ్ తేమ పీల్చి ఉంటుంది. పైగా ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. మీ పాత క్లచ్ విప్పినప్పుడు గూట్లో పేరుకున్న దుమ్ముకూ ఇదే జాగ్రత్త కావాలి. కంప్రెసరు గాలితో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. ఊపిరితిత్తులకు ఆ దుమ్ము చేసే చెరుపు చిన్నది కాదు, షెడ్డులో పనిచేసే కుర్రవాళ్లు రోజంతా దాన్నే పీలుస్తారు. కొత్తగా తయారైన సెట్టు విషయంలో నాకున్న అనుమానం ఒక్కటే. ఏ బండి కొలతలకు చేశారో పెట్టెపై స్పష్టంగా ఉండదు, కౌంటర్‌లో ‘అన్నిటికీ ఇదే పడుతుందండీ’ అంటారు. దాన్నీ పాతదాని పక్కన పెట్టి కొలిచాకే డబ్బు ఇవ్వండి.

డయాఫ్రమ్ దారిలో అసలు చిక్కు కవరులో కాదు, దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంది. బోల్టుల వరస కలవాలి. కవరు ఎత్తు మారితే ఫోర్కు (కార్బన్ దిమ్మెను నెట్టే చేయి) ఆట, అంటే కదిలే దూరం, మారుతుంది. కొన్ని డయాఫ్రమ్ కవర్లకు నడుమ నునుపైన రింగు ఉంటుంది, కార్బన్ దిమ్మె దానిపై హాయిగా నడుస్తుంది. వట్టి వేళ్లే ఉన్న కవరుకు కార్బన్ పెడితే నిలవదు, బాల్ బేరింగ్ కావాలి. బేరింగ్ మారిస్తే అది కూర్చునే గూడు మారుతుంది. ఇలా ఒకదాని వెంట ఒకటి. ఇంకొక సంగతి, డయాఫ్రమ్ విడిపోవడానికి తక్కువ ఆట చాలు. పాత పెడల్‌తో పూర్తిగా తొక్కితే స్ప్రింగు హద్దు దాటి లోపలికి పోయే ప్రమాదం ఉంది కాబట్టి పెడల్ కింద అడ్డు పెట్టించాలి. ఈ లెక్కలన్నీ ముందే చెప్పగల మేస్త్రీ దొరికితే ధైర్యంగా ముందుకు వెళ్లండి. ‘విప్పాక చూద్దాం సార్’ అన్నవారి దగ్గర బండి వదలకండి.

మీ బండి 50 ఏళ్లు దాటి, వింటేజ్ నంబరు తీసుకునే ఆలోచన ఉంటే మరో కోణం ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచిన బండికే ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. క్లచ్ మార్చినంత మాత్రాన ఎవరూ అడ్డుపడకపోవచ్చు. ఫ్లైవీల్ మాత్రం ఇంజిన్ భాగమే, దానికి కొత్త రంధ్రాలు వేయించడం నాకు ఎందుకో మనసొప్పదు. డయాఫ్రమ్ వేయించినా, విప్పిన పాత కవరును తూకానికి అమ్మకండి. గ్రీజు పూసి దాచండి.

సిరామిక్ గురించి ఒక పేరా చాలు. దాని బలం వేడి తట్టుకోవడం, గట్టిగా పట్టుకోవడం. బరువు లాగే లారీకి అది అవసరం. 100 న్యూటన్ మీటర్ల టార్కుకు మామూలు ఆర్గానిక్ లైనింగే చాలినంత పట్టు ఇస్తుంది, ఇక సిరామిక్‌తో పనేమిటి? అది మెత్తగా జారుతూ పట్టదు, ఒక్కసారిగా కరుస్తుంది. ఆ కుదుపు గేర్‌బాక్సుకు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు, చివరికి వెనక యాక్సిల్‌కు చేరుతుంది. ఫ్లైవీల్ ముఖం కూడా త్వరగా అరుగుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఏ క్లచ్ ఎంచుకున్నా దాన్ని నెలల్లో పాడుచేసేది ఒకటుంది, ఇంజిన్ వెనక నుంచి కారే నూనె. ఆ తరం బీ సిరీస్ ఇంజిన్లలో క్రాంకు (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) వెనక కొసకు రబ్బరు సీలు ఉండదు. స్క్రూ మరలాగా చెక్కిన గాడి నూనెను తిరిగి ఇంజిన్ లోపలికి నెడుతుంది, అంతే. ఇంజిన్ అరిగి క్రాంకు కేసులో గాలి ఒత్తిడి పెరిగితే ఆ గాడి ఆపలేదు, నూనె నేరుగా లైనింగ్ మీదికి వస్తుంది. గేర్‌బాక్సు దించినప్పుడు గూడు లోపల తడి ఎక్కడిదో చూడండి. ఇంజిన్ నూనె నల్లగా ఉంటుంది, గేరు నూనె చిక్కగా ఘాటు వాసనతో ఉంటుంది. ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు గొట్టం మూసుకుపోయి ఉంటే అది శుభ్రం చేయించడమే సగం వైద్యం. క్లచ్ జారుతోందని వచ్చిన బండికి అసలు రోగం ఇదే కావచ్చు.

అదే పూటలో మరికొన్ని. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, వెంట్రుక సన్నని పగుళ్లు ఉంటే సాపు చేయించాలి. పగులు లోతుగా ఉంటే మార్చాలి. క్రాంకు కొసలో ఉండే కంచు బుష్‌ను నూనెలో నానబెట్టి కొత్తది వేయాలి. కార్బన్ దిమ్మె కొత్తగా కనిపించినా మార్చేయండి, గేర్‌బాక్సు దించే కూలి ముందు దాని ధర ఎంత? బిగించేటప్పుడు ప్లేటు నడుమకు రావడానికి పాత గేర్‌బాక్సు షాఫ్టు ముక్కకు మించిన పనిముట్టు లేదు. కవరు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే కవరు వంగి, అంత కష్టపడి సరిచేసిన వేళ్ల ఎత్తు మళ్లీ తప్పుతుంది.

బండి చేతికొచ్చాక మొదటి 500 కిలోమీటర్లు కొత్త లైనింగ్ కుదురుకునే కాలం. అప్పటిదాకా కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కించి పరీక్షించాలన్న ఉత్సాహం ఆపుకోండి. పెడల్ పైభాగంలో ఉండే లూజును వారం తర్వాత మళ్లీ చూపించండి, కొత్త లైనింగ్ అణిగితే అది తగ్గుతుంది. లూజు పూర్తిగా పోయిందంటే కార్బన్ దిమ్మె ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి క్లచ్ తొక్కి నిలబడేవారి బండిలోనూ అదే జరుగుతుంది. న్యూట్రల్ చేసి కాలు తీయండి.