నల్లగొండ ఎండలో వయొలిన్ గేర్ పెగ్గులు: కొన్నేళ్లు వాడాక

వయొలిన్ తీగల్ని బిగించే కర్ర బిరడాలు తీసేయించి గేర్ పెగ్గులు వేయించుకున్నాను. కరోనా తర్వాతి ఏడాది నుంచి వాటితోనే వాయిస్తున్నాను. నా వయొలిన్ మీద పెట్టిన డబ్బులో బాగా అక్కరకొచ్చింది ఇదే. అయితే ‘ఇవి వేస్తే ఇక శ్రుతి కదలదు’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. బిరడా జారడం ఒక్కటే ఆగుతుంది.

మా నల్లగొండలో మే నెలొస్తే ఎండ 44, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలిలో తేమ పేరుకు కూడా ఉండదు. ఆ ఎండకు కర్ర బిరడా సన్నబడి పట్టు వదులుతుంది. పొద్దున పెట్టె తెరిస్తే ఏదో ఒక తీగ వేలాడుతూ కనిపించేది. వానలు మొదలయ్యాక అదే బిరడా ఉబ్బి బిగుసుకునేది. గట్టిగా తిప్పితే టక్కున కదిలి కావలసిన స్వరం దాటిపోయేది. సుద్ద రాస్తే జారదు కానీ నున్నగా తిరగదు. బిరడాకు రాసే పెగ్ పేస్టు కొంత నయం, కాకపోతే కాలం మారినప్పుడల్లా మళ్లీ రాయాలి.

గేర్ పెగ్గు చూడ్డానికి మామూలు బిరడాలాగే ఉంటుంది. లోపల చిన్న పళ్లచక్రాలుంటాయి. రంధ్రంలో బిగిసిన భాగం కదలదు, తీగ చుట్టిన కడ్డీ మాత్రమే తిరుగుతుంది. జర్మనీ కంపెనీ విట్నర్ చేసే పెగ్గుల్లో ఈ లెక్క 8.5:1. అంటే తలను ఎనిమిదిన్నర చుట్లు తిప్పితే కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతుంది. 4:1 రకాలూ దొరుకుతాయి. ఇంత సన్నగా తిరుగుతుంది కాబట్టి టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు పట్టే పలక) మీది ఫైన్ ట్యూనర్లతో (శ్రుతిని కొద్దికొద్దిగా సవరించే చిన్న మరలు) పని తగ్గింది. అన్నిటికంటే సన్నని తీగకు ఒకటి ఉంచి మిగతావి పీకించేశాను.

కర్ణాటక పద్ధతిలో వాయించేవాళ్లకు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పాశ్చాత్య సంగీతంలో తీగలు మామూలుగా జి, డి, ఏ, ఇ. మనకు స (షడ్జమం), ప (పంచమం), మళ్లీ స, ప. ఆ ‘స’ ఎక్కడుండాలో పాడేవాళ్ల గొంతు చెప్తుంది. దాన్ని ఒకటి, రెండు, ఐదున్నర అని అంకెలతో చెప్తారు, అంకె పెరిగితే శ్రుతి పైకెళ్తుంది. మొదట పాడినాయన ఒకటో శ్రుతి, తర్వాతి ఆయన రెండు అంటే నాలుగు తీగలూ జరపాల్సిందే. కర్ర బిరడాను లోపలికి నొక్కుతూ తిప్పాలి. కింద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి, జనం చూస్తుండగా ఆ పని చేయడం మహా టెన్షన్. ఇప్పుడు పాటకూ పాటకూ మధ్య ఎడమ చేత్తోనే అయిపోతుంది. ఆడవాళ్ల ఐదున్నర శ్రుతికి మాత్రం నేను ఈ తీగల్ని లాగను, దానికి వేరే వయొలిన్ ఉంది.

ఇక పెగ్గులు ఆపలేనివి చూద్దాం. వేడికి ఉక్కు తీగ సాగి స్వరం దిగుతుంది. మాఘంలో చెర్వుగట్టు జాతర వేళ రాత్రి చలిలో భజనకు కూర్చుంటే అదే తీగ పైకెక్కుతుంది. అక్కడ హార్మోనియం పక్కన పావుగంట ముందే పెట్టె తెరిచి పెట్టడం తప్ప మార్గం లేదు. కొత్త తీగ సాగి కుదుటపడేదాకా ఏ పెగ్గూ ఏమీ చేయలేదు. ఉక్కువి త్వరగా కుదురుకుంటాయి, లోపల సింథటిక్ దారం ఉండే (సింథటిక్ కోర్) తీగలకు ఇంకొన్ని రోజులు పడుతుంది. తీగల్ని పైకి లాగిన ప్రతిసారీ తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి తల వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు వైపు కొంచెం వాలుతుంది. దాన్ని చూసి నిలబెట్టకపోతే ఓ రోజు పడిపోతుంది. బిరడాల దగ్గర తీగలు ఆనే నట్ గాడిలో తీగ పట్టేస్తే కిర్రుమని ఆగి ఆగి జారుతుంది. పెన్సిల్ ముక్కుతో ఆ గాడిలో నాలుగు గీతలు గీస్తే చాలు. ఎప్పుడైనా కింది నుంచి పైకి తెచ్చి ఆపాలి. స్వరం దాటితే బాగా దించి మళ్లీ ఎక్కించాలి. నాలుగూ సరిచేశాక మొదటి తీగను మళ్లీ చూడాలి, ఎందుకంటే ఒకటి బిగిస్తే మిగతావి కాస్త దిగుతాయి. వయొలిన్‌ను కూలర్ ఎదురుగా మాత్రం పెట్టకండి, ఆ తేమగాలికి కర్రకూ జిగురుకూ చేటే.

వయొలిన్‌కు తగిలించి స్వరం చూసే క్లిప్ ట్యూనర్ షడ్జమం వరకు మంచిది. పంచమం చెవితో కలపాల్సిందే. ట్యూనర్ చూపే పంచమం షడ్జమానికి 700 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు) పైన, తంబూరాతో కలిసేది దాదాపు 702. తేడా చిన్నదే, పెద్ద తీగలు రెండూ కలిపి మీటితే తెలిసిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. తీగ మార్చాలంటే తిప్పి తిప్పి వేళ్లు నొప్పి పుడతాయి. పెగ్గు తలను త్వరగా తిప్పే వైండర్ కొనుక్కోండి. పెగ్గులకూ బిగింపు కూలికీ కలిపి అయిన ఖర్చుతో నేర్చుకునే పిల్లలకు ఒక వయొలిన్ వస్తుంది, కాబట్టి మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు నేను చెప్పను. వాళ్లకు ఫైన్ ట్యూనర్లు నాలుగూ ఉన్న టెయిల్‌పీస్ చాలు. ఇంట్లో బిగించుకోవాలని చూడొద్దు. రంధ్రాన్ని ఒక వైపు నుంచి మరో వైపుకు సరిగ్గా సన్నబడేలా చెక్కాలి, అది చేయి తిరిగినవాళ్ల పని. నేను హైదరాబాద్ తీసుకెళ్లి చేయించాను. నా వయొలిన్‌కు రంధ్రాలు కొంచెం పెద్దవి చేయాల్సి వచ్చింది, ఇక పాత బిరడాలు పట్టవు. తాతల నాటి పాత వయొలిన్ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లే ముందు బిగించే ఆయనతో ఈ సంగతి తేల్చుకోండి.