అయిదేళ్ల పార్టికల్ బోర్డు అల్మారా: విరగలేదు, వంగింది

పార్టికల్ బోర్డుతో చేసిన ఈ పుస్తకాల అల్మారాను అయిదేళ్లుగా వాడుతున్నాను. మొత్తం అయిదు అరలు. పై నాలుగింటి పలకలు ఒక్కొక్కటి 90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం కలవి, రెండు పక్కలా పిన్నుల మీద ఆని ఉంటాయి. ఒక్కో అర 40 కిలోలు మోస్తుందని దాంతో వచ్చిన కాగితంలో రాశారు. అది అబద్ధమని అనలేను. నేను ఏ అరలోనూ పాతిక కిలోలకు మించి పెట్టలేదు, ఏదీ విరగలేదు. అయినా మూడేళ్లు తిరిగేసరికి నాలుగు అరలకూ నడుము వంగింది.

పలక ముందంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి కట్టి, నట్టనడుమ దారానికీ పలకకూ మధ్య ఉన్న సందును స్కేలుతో కొలిచేవాణ్ణి. పుస్తకాలు సర్దిన మొదటి వారంలో అది 6 మి.మీ.; మూడేళ్లకు 13.

ఇక్కడ బలం (విరగకుండా నిలవడం) వేరు, దృఢత్వం (వంగకుండా నిలవడం) వేరు. పాతిక కిలోల బరువుకు ఈ పలక మధ్యభాగంలో పుట్టే వంపు ప్రతిబలం, అంటే వంగడం వల్ల పదార్థం లోపల ఒక్కో వైశాల్యంపై పడే బలం, 1.7 మెగాపాస్కల్‌కు మించదు. ఈ రకం బోర్డు విరగాలంటే సాధారణంగా 10కి పైనే కావాలి. ఎంత వంగుతుందన్నది మాత్రం యంగ్ గుణకం మీద, అంటే పదార్థం సాగడానికీ నొక్కుకోవడానికీ ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే సంఖ్య మీద, ఆధారపడుతుంది. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్, అల్యూమినియానికి 70, నార వెంబడి కలపకు 10 అటూఇటూ ఉంటే, పార్టికల్ బోర్డుకు రెండు మూడుకు మించదు. మామూలు ఉక్కుకూ, ఎక్కువ బలం గల ఖరీదైన ఉక్కుకూ ఈ గుణకంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదన్న సంగతి చాలామందికి వింతగా తోస్తుంది.

పదార్థం కంటే కొలతల ప్రభావమే ఎక్కువని నాకు నేర్పింది ఈ అల్మారా అడుగు అరే. దాని మధ్యలో ఒక నిలువు పలక ఉండడం వల్ల అక్కడివి 45 సెం.మీ. విడి పలకలు, బోర్డు అదే, మందం అదే, పుస్తకాల ఒత్తు కూడా అంతే. బరువు పొడవునా సమంగా పరుచుకున్నప్పుడు వంపు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది కనుక, పొడవు సగమైతే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. అడుగు అర వంపు నా స్కేలుకు అందనే లేదు. మందం విషయంలో లెక్క మూడో ఘాతం: 18 మి.మీ. బదులు 25 మి.మీ. పలక వేసి ఉంటే దృఢత్వం రెండున్నర రెట్లు దాటేది.

కాలంతో పెరిగిన వంపు సంగతి వేరు. దాన్ని క్రీప్ అంటారు. బరువు పెరగకపోయినా, ఉన్న బరువు కిందే పలక నెమ్మదిగా సాగుతూ పోతుంది. గోడలకు రంగు వేయించినప్పుడు పుస్తకాలన్నీ దించితే 13 మి.మీ. వంపు అప్పటికప్పుడే 7కి తగ్గింది. మూడు వారాలకు 5కి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ మిగిలినదాన్ని వాడుకుందామని పలకలను తిరగేసి, గూను పైకి వచ్చేట్టు అమర్చాను. మళ్లీ పుస్తకాలు సర్దితే పలకలు దాదాపు చదునయ్యాయి. ఆ ముచ్చట ఏడాదే. తర్వాత కొలిస్తే వంపు 4 మి.మీ.

పది నెలల క్రితం మూడు అరల ముందంచు కింద 40 మి.మీ. ఎత్తు, 20 మి.మీ. మందం గల చెక్క రీపరును జిగురుతోనూ స్క్రూలతోనూ బిగించాను. రీపరును నిలువుగానే పెట్టాలి. పడుకోబెడితే దాని దృఢత్వం నాలుగో వంతే. పలక, రీపరు విడివిడిగా వంగుతాయనుకుని లెక్కవేసినా మొత్తం దృఢత్వం పలక ఒక్కదానికంటే నాలుగు రెట్లకు దగ్గరగా వస్తుంది. బోర్డులో స్క్రూ ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు కాబట్టి ముందుగా సన్నని రంధ్రం చేసుకోవడం అవసరం.

ఇలాంటిదే మళ్లీ కొంటానా అంటే, పలక పొడవు 60 సెం.మీ. లోపు ఉంటే కొంటాను. 90 అయితే ఎన్ని కిలోలు మోస్తుందని రాసి ఉన్నా కొనను. తేడా చూద్దామని నాలుగో అరను రీపరు లేకుండానే వదిలాను. నిన్న దారం కట్టి చూస్తే దాని వంపు 6 మి.మీ., మిగతా మూడింటిదీ 2.