గోడ మీద ఫ్రేములు చూసి 38 వేలు కట్టాను, మీరు కట్టకండి

హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఏసీ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డింగ్ కోర్సుల్లో చేరదామనుకుంటున్న వాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఒక పేరు రాస్తే, ‘మనం చేరేది అది కాదులే’ అని మీరు నిశ్చింతగా ఉండిపోతారు.

నాకు 36 ఏళ్లు. పన్నెండేళ్లు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో చేశాను. ఓనర్ మెషిన్ అమ్మేసి షట్టర్ దించాక ఆరు నెలలు ఖాళీగా ఉన్నాను. చేతిలో పని ఉంటే ఎక్కడైనా బతకొచ్చని నా నమ్మకం, ఇప్పటికీ అదే అంటాను. వెళ్లిన చోటే తప్పయింది.

జనవరిలో పేపర్‌తో పాటు ఒక పాంప్లెట్ వచ్చింది. ‘మూడు నెలల్లో ఏసీ మెకానిక్, 100 శాతం ఉద్యోగం, గవర్నమెంట్ సర్టిఫికెట్’. కింద రైలు పెట్టె బొమ్మ, పక్కన కాజీపేట రైల్వే ఫ్యాక్టరీలో అవకాశాలని ఇంకో లైను. ఆ ఫ్యాక్టరీకి 2023 జూలై 8న ప్రధాని శంకుస్థాపన చేసినప్పటి నుంచి మా దగ్గర ఎవరు కోర్సు అమ్మినా ఆ రైలు బొమ్మ లేకుండా అమ్మడం లేదు. నేనూ ఆ బొమ్మకే పడ్డాను.

కౌన్సెలింగ్‌లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ‘అన్నా, మీరు టెన్షన్ పెట్టుకోకున్రి. ఎండాకాలం వచ్చేసరికి కంపెనీలే మీకు ఫోన్ చేస్తయి’ అంది. ఆమె వెనక గోడకు మూడు ఫ్రేములున్నాయి, రెండింటి మీద మూడు సింహాల ముద్ర. నేను అడగనే లేదు, ఆ గోడే నాకు జవాబు చెప్పేసింది.

ఫీజు 38,000. చేతిలో ఉన్న 5,000 కట్టించుకుని, మిగతాది ‘జీరో వడ్డీ, నెలకు మూడు వేలే’ అన్నారు. ఆధార్ అడిగారు, రెండుసార్లు ఓటీపీ చెప్పించుకున్నారు. అది ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే వాయిదా కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ యాప్‌లో నా పేరు మీద 33,000 లోన్. ఆ డబ్బు అదే రోజు వాళ్ల ఖాతాలో పడిపోయింది. క్లాసులు నచ్చక మధ్యలో మానేసిన ఇద్దరికి ఈఎంఐ మాత్రం ఆగలేదు. ఒక్క నెల తప్పితే సిబిల్ (అప్పు సరిగ్గా కడుతున్నామా అని చూసే స్కోరు) పోతుందని రోజుకు నాలుగు ఫోన్లు.

ఇక ప్రాక్టికల్స్ సంగతి. 26 మందికి ఒకే ఒక స్ప్లిట్ ఏసీ, అదీ పాత ఆర్-22 గ్యాస్‌తో నడిచే మోడల్, అందులో ఆ గ్యాసే లేదు. పైపుల్లోంచి గాలి లాగేసే వాక్యూమ్ పంపు అద్దాల బీరువాలో ఉంది, ధర స్టిక్కర్ కూడా పీకలేదు. ఫ్లేరింగ్, అంటే పైపు చివరను గరాటులా వెడల్పు చేయడం, నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. మూరెడు రాగి పైపు తెచ్చారు. ఒక్కొక్కరు చివర ఫ్లేర్ చేసి, అది కోసేసి పక్కవాళ్లకు ఇస్తున్నారు. నా వంతు వచ్చేసరికి వేలెడు ముక్క మిగిలింది. టూల్‌లో బిగించడానికి కూడా అందలేదు. ‘రేపు కొత్త పైపు తెప్పిస్తా’ అన్నారు సార్. మూడు నెలల్లో ఆ రేపు రాలేదు, సార్లు మాత్రం ముగ్గురు మారారు. ఇప్పుడు వచ్చే కొత్త ఏసీల్లో ఎక్కువ ఆర్-32 గ్యాసే. అది కొద్దిగా మంట అంటుకునే రకం. జాగ్రత్తలేంటని అడిగితే ‘కంపెనీలో చెప్తరు’ అన్నారు.

చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. మందపాటి కాగితం, బంగారు రంగు సీలు, కింద క్యూఆర్ కోడ్. ఐటీఐ చేసిన మా బావమరిది దాన్ని స్కాన్ చేస్తే ఇన్‌స్టిట్యూట్ సొంత వెబ్‌సైట్ తెరుచుకుంది. అంటే వాళ్లిచ్చిన కాగితం నిజమని వాళ్లే చెప్పుకుంటున్నారు! అప్పుడు వెళ్లి గోడ మీద ఫ్రేములు దగ్గరగా చదివాను. ఒకటి ఉద్యమ్ రిజిస్ట్రేషన్. అది చిన్న వ్యాపారం ఎవరు పెట్టుకున్నా ఆన్‌లైన్‌లో ఉచితంగా వచ్చేదే, టిఫిన్ సెంటర్‌కూ వస్తుంది. రెండోది జీఎస్టీ నంబర్ కాగితం. మూడోది ఐఎస్ఓ. అది ఆఫీసు పద్ధతి గురించి ఇచ్చేది, మన చేతికొచ్చిన పని గురించి కాదు. మూడింట్లో ఒక్కటి కూడా శిక్షణకు గుర్తింపు కాదు.

ఐటీఐ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ ద్వారా వస్తుంది. ఎలక్ట్రీషియన్‌కు రెండేళ్లు, వెల్డర్‌కు ఏడాది చదవాలి. మూడు నెలల్లో ‘ఐటీఐతో సమానం’ అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మన నక్కలగుట్ట విద్యుత్ ఆఫీసు నుంచి జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ పడ్డా ఐటీఐ అడుగుతారు గానీ ఈ కాగితాన్ని చూడరు. రైల్వే ఉద్యోగాలకు బోర్డు నోటిఫికేషన్, పరీక్ష ఉంటాయి. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కు అందులో కోటా ఏదీ లేదు.

100 శాతం ఉద్యోగం కూడా చూశాం. హైదరాబాద్ బాలానగర్‌లో హెల్పర్ పని, నెలకు 9,500, రూము మనదే. వద్దంటే ‘ఇంకో కంపెనీకి 2,500 రిజిస్ట్రేషన్’ అన్నారు. గొడవపడితే నేను సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు. అందులో ఉద్యోగం అన్న మాటే లేదు, ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంది, అంటే ఉద్యోగం వెతుక్కోవడానికి సాయం మాత్రమే. రసీదు మీద కోర్సు ఫీజు అని కూడా రాయలేదు, ‘రిజిస్ట్రేషన్, నాన్ రిఫండబుల్’ అని రాసుకున్నారు. తప్పు నాదే, చదవకుండా సంతకం పెట్టాను. చేరేటప్పుడు తీసుకున్న నా టెన్త్ ఒరిజినల్ మెమో కోసం మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి కౌంటర్ ముందే కూర్చుని పోలీసులకు ఫిర్యాదు రాయడం మొదలుపెడితే పది నిమిషాల్లో తెచ్చిచ్చారు. ఎవరు అడిగినా జిరాక్సులే ఇవ్వండి.

మా బ్యాచ్‌లో జగిత్యాల తమ్ముడు ఒకతన్ని దుబాయ్ పంపిస్తామని 80 వేలు అడిగారు. రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా సర్వీస్ చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. ఏజెంట్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో తెలిసిపోతుంది. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, ముందు అక్కడ అడగండి.

అన్నిటికంటే మండిపోయే విషయం ఇంకోటి. హసన్‌పర్తిలో ఎస్‌బీఐ ఆర్‌సెటి, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. 18 నిండిన నిరుద్యోగులకు ఉచిత శిక్షణ, భోజనం, వసతి కూడా వాళ్లవే. నా వయసు వాళ్లనూ తీసుకుంటారు. మా ఇంటికి బస్సులో అరగంట, నాకు తెలియదు! కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాలు పీఎంకేవీవై, డీడీయూ-జీకేవై శిక్షణలకు కూడా ఫీజు ఉండదు. డీడీయూ-జీకేవై మామూలుగా 35 ఏళ్ల వరకే, నేను ఒక్క ఏడాదితో తప్పిపోయాను. ఈ పథకాల పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఎక్కడ చేరినా, ముందు నడుస్తున్న ప్రాక్టికల్ క్లాసులో ఒక పూట కూర్చుంటానని అడిగి చూడండి. మమ్మల్ని ఆఫీసు గది దాటి లోపలికి రానివ్వలేదు, అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇప్పుడు మా గల్లీలో ఏసీ పని చేసే అన్న దగ్గర రోజుకు 500కు హెల్పర్‌గా వెళ్తున్నాను. మొదటి రోజే పైపు చేతికిచ్చి ‘ఖరాబైతే గానీ తియ్యి’ అన్నాడు. ఆరు ఫ్లేర్లు పగిలాయి, ఏడోది లీకు లేకుండా కూర్చుంది.

ఈఎంఐలు ఇంకా ఐదున్నాయి. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు తెలుగులోనే చెప్పి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సర్దుతున్నాను. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. జనవరి బ్యాచ్ వాళ్లు ఇది చదువుతుంటే రసీదు, పాంప్లెట్, లోన్ మెసేజ్‌లు పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి. ఆ వేలెడు పైపు ముక్క ఫోటో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే అది కూడా పంపండి.