ఒక్క ఫొటోతోనే హెచ్‌డీఆర్: గింప్ వాడాక నా మాట

సాయంత్రం పూట చార్మినార్‌ని ఫొటో తీసినవాళ్లకు ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ పెడితే కమాన్ల కింద కటిక చీకటి. కమాన్లను చూసి పెడితే ఆకాశం కాలిపోతుంది. అసలైన హెచ్‌డీఆర్ (వెలుగూ నీడా రెండూ వివరంగా కనిపించే ఫొటో) కావాలంటే ట్రైపాడ్ మీద రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) మూడు ఫొటోలు తీసి కలపాలి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పొద్దున్నే వెళ్తే అది కుదురుతుంది. పాతబస్తీలో ఎక్కడ కుదురుతుంది? మూడో క్లిక్కు పడేలోపు ఆటో వెళ్లిపోతుంది, కలిపి చూస్తే ఒకే మనిషి రెండు చోట్ల సగం సగం ఉంటాడు. అందుకే కొన్నేళ్లుగా ఒక్క ఫొటో తీసుకుని, ఆ ఎఫెక్టును గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే తెప్పిస్తున్నాను.

నాకు బాగా నచ్చింది పాత పద్ధతే. లేయర్‌ని (ఫొటో ఉన్న పొరని) డూప్లికేట్ చేసి, రంగు తీసేసి, ఇన్వర్ట్ చేసి, కింది పొరతో కలిసే మోడ్‌ని సాఫ్ట్ లైట్‌కి మార్చి, దాని మీద గాసియన్ బ్లర్ (మసకబార్చే ఫిల్టర్) వేయాలి. తిరగబడ్డ లేయర్‌లో నీడలు తెల్లగా, ఆకాశం నల్లగా ఉంటాయి కాబట్టి చీకటి పైకి తేలుతుంది, వెలుగు అణుగుతుంది. కీలకమంతా బ్లర్‌లోనే ఉంది. తక్కువైతే గచ్చుపని చదునుగా, చప్పగా తయారవుతుంది. మరీ ఎక్కువైతే మినార్ల చుట్టూ తెల్లటి అంచు పడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటోకి నేను 40 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టి, అంచులు చూసుకుంటూ జరుపుతాను. చివర్లో ఆ లేయర్ ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలన్నది) సగానికి తగ్గిస్తాను. ఫొటో చూడగానే ‘హెచ్‌డీఆర్ చేశావా’ అని ఎవరైనా అడిగారంటే ఇంకా తగ్గించాలన్నమాట!

తీరిక లేనప్పుడు కలర్స్ మెనూలోని షాడోస్-హైలైట్స్ ఫిల్టర్ చాలు. 2018లో వచ్చిన గింప్ 2.10 నుంచి అది ఉంది. 2025లో వచ్చిన 3.0లో ఫిల్టర్ వేశాక కూడా మళ్లీ తెరిచి స్లైడర్లు మార్చుకోవచ్చు. నా మటుకు ఈ ఒక్కదానికే కొత్త వెర్షన్‌కి మారొచ్చు.

అదే మెనూలో టోన్ మ్యాపింగ్ (వెలుగునీడల తేడాను కుదించడం) కింద ఫాటల్, మాంటియుక్, రైన్‌హార్డ్ పేర్లతో మూడు ఫిల్టర్లున్నాయి. మామూలు జేపెగ్ మీద ఫాటల్ గట్టిగా వేస్తే చార్మినార్ కిరాణా కొట్టు క్యాలెండర్ బొమ్మలా తయారవుతుంది. కొందరికి అదే ఇష్టం, వాళ్లతో నాకు పేచీ లేదు.

ఏ ఫిల్టరైనా ఫొటోలో ఉన్నదాన్నే పైకి తీస్తుంది. పూర్తిగా తెల్లబడ్డ ఆకాశంలో మబ్బులు ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి ఎక్స్‌పోజర్ ఆకాశానికే పెట్టండి, వీలైతే రా ఫైల్ (కెమెరా కుదించని అసలు డేటా) తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. నీడలు లాగినప్పుడు మచ్చలు, చారలు వస్తాయా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. గింప్ తనంతట తాను రా ఫైల్ తెరవదు, పక్కన డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ, అలాంటి రా ఫైల్ సాఫ్ట్‌వేర్ ఉండాలి.

లాడ్ బజార్‌లో గాజులు బేరమాడే మనుషులు ఫ్రేములో ఉంటే ఇంకో జాగ్రత్త. ఈ ఎఫెక్టు ముఖాలను బూడిద రంగులోకి దింపుతుంది. పై లేయర్‌కి మాస్క్ (నల్లగా పూసిన చోట లేయర్‌ని దాచేది) వేసి, ముఖాల మీద మెత్తటి నల్ల బ్రష్ తిప్పేస్తే సరి.