గాట్ల గొప్ప, గోపాలపూర్ ఉప్పు: మూడేళ్ళు వాడిన గోల్ఫ్ పటర్ సంగతి

పొడవు, బరువు, పిడి మందం డబ్బా మీదే రాసి ఉంటాయి, వదిలేద్దాం. ఈ పటర్ (గోల్ఫ్ బంతిని నేలమీద దొర్లించి కన్నంలో వేసే కర్ర) కొనేవాళ్ళు కొనేది దాని ముఖం, అంటే బంతికి తగిలే వైపు, చూసి. స్టెయిన్‌లెస్ స్టీలు తలలో పొదిగిన అల్యూమినియం ముక్క, దాని మీద కిందికి వాలిన సన్నని గాట్లు. ఆ గాట్లు బంతిని పట్టి ముందుకి దొర్లిస్తాయని అమ్మేవాళ్ళ మాట. మూడు వానాకాలాలు సముద్రపు ఒడ్డునున్న గోపాలపూర్ గాలిలో ఉన్నాక నా కోపమంతా ఆ ముక్క మీదే.

రోగం బయటపడింది మేడమీద సాధనకి పరిచిన పచ్చ తివాచీ మీద. మూడు మీటర్ల తిన్నటి పట్‌లు (పటర్‌తో దొర్లించే దెబ్బలు) వరసగా కుడికి పోవడం మొదలెట్టాయి. మూడు మీటర్లలో ముఖం ఒక డిగ్రీ తిరిగితే బంతి 5 సెంటీమీటర్లు తప్పుతుంది. కన్నం వెడల్పే 10.8 సెంటీమీటర్లు, అంటే సగం కన్నం పోయినట్టే. చేతిదే తప్పనుకుని నెలరోజులు స్ట్రోకు దిద్దుకోవడం దండగ. అసలు చూడాల్సింది ముఖాన్ని. స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి వెలుతురుకి పెడితే మడమ వైపు, అంటే ఆడేవాడి కాళ్ళకి దగ్గరగా ఉండే కొసన, ముక్క పైకి లేచి కనిపించింది. ఆ మూల మీద స్కేలు ఆనించి, పక్కనున్న స్టీలు అంచుకీ స్కేలుకీ మధ్య గడ్డం గీసుకునే బ్లేడ్లు దూరిస్తే ఐదు పట్టాయి. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, అంటే అర మిల్లీమీటరు ఎత్తు. 40 మిల్లీమీటర్ల ముక్కకి అది 0.7 డిగ్రీల వంపు. మడమ ముందుకొస్తే కుడిచేతి వాటం వాళ్ళకి ముఖం కుడికి తెరుచుకుంటుంది. లెక్క సరిపోయింది.

కారణం ముక్కని పట్టి ఉంచిన జిగురు ఊడడం ఒక్కటే కాదు. స్టీలూ అల్యూమినియమూ ఒకదానికొకటి తగులుతూ ఉప్పు తేమలో ఉంటే అల్యూమినియమే తినిపోతుంది. తిన్నచోట తెల్లటి పొడి పేరుకుంటుంది, అది లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ముక్కని బయటికి తోస్తుంది. దానికి తోడు లోపల బొచ్చున్న తలతొడుగు. తడి తలకి దాన్ని తొడిగి మూలన పెడితే ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టే. బరంపురం ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇంత తొందరగా రాకపోవచ్చు. ఒడ్డునే ఉంటే వస్తుంది.

బాగుచేయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో పది నిమిషాలు వేడిచేసి, లేచిన మడమ వైపునించే పల్చటి బ్లేడు దూర్చాలి. బొటనవేలి వైపు, అంటే అవతలి కొస, గట్టిగా ఉందని అక్కడ పొడిస్తే ముక్క వంగిపోతుంది, ఇక పనికిరాదు. పొడంతా గీకి, 400 నంబరు గరుకు కాయితంతో రెండు వైపులా రుద్ది, థిన్నరుతో తుడవాలి. ఐదు నిమిషాల్లో పట్టే ఎపాక్సీ జిగురు వద్దు, నిదానంగా పట్టేదే వాడాలి. గుంటలో, అంచుల చుట్టూ కూడా పల్చగా పట్టించాలి. ఎక్కడా లోహం లోహానికి తగలకూడదు, అసలు కిటుకు అదే. చెక్క అడ్డంపెట్టి క్లాంపు బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. అంచున పొంగింది ఆరకముందే తుడిచెయ్యాలి.

ఆ పని అయ్యాక ఒక చిన్న పరీక్ష చేస్తే అసలు ఆశ్చర్యం ఎదురైంది. ముఖం మీద ఒక పొర సెల్లోటేపు అంటించి గాట్లు మూసేసి, బంతి చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీసి, ఫోనులో నిదానపు వీడియో తీస్తే టేపు ఉన్నా లేకపోయినా గీత తిరగడం ఒకేచోట మొదలవుతోంది. మొదటి ఏడాది అడిగిన ప్రతివాడికీ "గాట్ల మహిమరా" అని చెప్పినమాట నిజమే. ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా. శబ్దం మెత్తగా ఉంటుంది, అంతవరకూ గాట్లకి ఇవ్వొచ్చు.

ఎందుకంటే దెబ్బ తగలగానే ఏ బంతీ దొర్లదు. క్యారమ్ స్ట్రైకరులా కొంత జారుతుంది. తిరుగుడు లేకుండా బయల్దేరిన, లోపల డొల్లకాని గుండు వేగం మొదటిదాంట్లో ఏడింట ఐదు వంతులకి తగ్గాకే పూర్తిగా దొర్లుతుంది. ఆ జారుడు ఎంత దూరమన్నది ముఖం వాలు (ముఖం పైకి చూస్తూ ఎంత వెనక్కి ఒరిగిందన్నది) మీద, పటర్ తల పైకి వస్తూ తగిలిందా కిందికి దిగుతూ తగిలిందా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ పటర్‌కి వాలు 2 డిగ్రీలే. 34 అంగుళాల కర్రకి పిడి ఒక అంగుళం ముందుకి వంగితే 1.7 డిగ్రీలు పోతాయి, మిగిలేది సున్నాకి దగ్గర. తివాచీ మీద అది చక్కగా నడుస్తుంది. మన తీరపు గ్రీన్‌ల (కన్నం చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) మీద ఉండేది గరిక జాతి గడ్డే, వానల్లో గుబురుగా పెరుగుతుంది. బంతి తన బరువుకి అందులో కాస్త దిగి కూర్చుంటుంది. వాలు లేని ముఖం దాన్ని గడ్డిలోకి అదిమితే ఎగిరిపడి దారి తప్పుతుంది. విశాఖ, భువనేశ్వర్ వెళ్ళినప్పుడు అచ్చంగా అదే జరిగింది.

రెండు దారులున్నాయి. బంతిని ఒక బంతి వెడల్పు ముందుకి జరిపి పిడిని నిటారుగా ఉంచడం ఖర్చులేనిది. లేదా కర్రనీ తలనీ కలిపే మెడని ఒకటిన్నర డిగ్రీ వంచడం. మెడ స్టీలైతేనే, వంచే బెంచీ ఉన్నవాడి దగ్గరే, కొంచెం కొంచెంగా. జింకు పోతపోసిన తలని వంచితే విరుగుతుంది.

కర్రని వేలి మీద అడ్డంగా నిలబెడితే దీని బొటనవేలి కొస 45 డిగ్రీల దాకా కిందికి వేలాడుతుంది. కాబట్టి వంపు తిరిగే స్ట్రోకు ఉన్నవాళ్ళకే ఇది కుదురుతుంది. తిన్నగా వెనక్కీ ముందుకీ ఊపేవాళ్ళు తీసుకోవద్దు. తల తేలికనిపిస్తే సీసపు టేపు వెతుక్కోనక్కర్లేదు, వలలకి కట్టే సీసపు గుళ్ళు సుత్తితో పల్చగా కొట్టి అడుగున అంటిస్తే చాలు. ముందు కంసాలి కాటా మీద తూచండి, ఐదారు గ్రాములకే తేడా చేతికి తెలుస్తుంది.

ఒడ్డుకి దూరంగా ఉండి, ఎక్కువ ఆట పొట్టి గడ్డి మీదే ఆడేవాళ్ళయితే కొనొచ్చేమో. నాలాగా తివాచీ సాధన ఎక్కువ, గ్రీన్ నెలకోసారి అయితే ముక్క పొదగని, ముఖమంతా ఒకటే స్టీలున్న పటర్ చూడండి. దానికీ తుప్పు మరకలు వస్తాయి, కానీ నూనెగుడ్డతో పోతాయి. ప్రస్తుతానికి దీన్ని అమ్మలేదు, మెడ వంచాక వాలు 3.5 డిగ్రీలకి వచ్చింది. తలతొడుగు మాత్రం బయట పారేశాను.