బ్రస్సెల్స్ క్యాంపస్‌లో బురద రేసు: ఎక్కడ ఉండాలి, ఎక్కడ నిలబడాలి, ఏం తినకూడదు

బెల్జియంలో ఒక్క సైక్లోక్రాస్ (గడ్డి, బురదల్లో సాగే సైకిల్ పందెం) రేసైనా చూడాలని ఉండి, కారు లేక ఆగిపోతున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే, బ్రస్సెల్స్ యూనివర్సిటీ రేసుకి వెళ్లండి. ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం వీయూబీ (ఇక్కడి డచ్ భాషా యూనివర్సిటీ) క్యాంపస్‌లో పెడతారు, ఎక్స్‌టూఓ ట్రోఫీ అనే సైక్లోక్రాస్ సిరీస్‌లో ఆఖరి రేసు ఇదే. నవంబర్ 1న జరిగే కొప్పెన్‌బెర్గ్, జనవరి 1న బాల్‌లో జరిగే రేసు, కోక్సైడ్ ఇసుక దిబ్బల మీద జరిగేది, ఇవన్నీ దీనికన్నా పేరున్నవే, రేసు సాగే దారి కూడా వాటిదే బాగుంటుంది, అందులో వాదనే లేదు. కాకపోతే నెదర్లాండ్స్‌లోని ఐంద్‌హోవెన్ నుంచి బయల్దేరే మాలాంటి వాళ్లకి సెలవు రోజు పొద్దున పల్లెటూళ్లకి కనెక్షన్లు వెతుక్కోవడమే పెద్ద టెన్షన్. ఇక్కడైతే బ్రెడాలో రైలు మారితే నేరుగా బ్రస్సెల్స్, అక్కడ ఇంకో లోకల్ రైలు పట్టుకుంటే ఎటర్‌బేక్ స్టేషన్. దిగితే క్యాంపస్ పక్కనే. మెట్రోలో వచ్చేవాళ్లయితే 5వ లైన్‌లో డెల్టా గానీ పెటియోన్ గానీ దిగి కాస్త నడవాలి. మెట్రో, ట్రామ్‌లలో మామూలు బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే సరిపోతుంది, రోజుకి ఇంతకు మించి కట్ అవ్వదని పరిమితి కూడా ఉంది. రేసు టికెట్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే కొనేయండి, గేటు దగ్గర క్యూలో నిలబడే పని తప్పుతుంది.

బస విషయంలో మేం రెండు రకాలూ చూశాం. మొదట అందరిలాగే ఊరి నడిబొడ్డున ఉన్న గ్రాన్ ప్లాస్ కూడలి దగ్గర తీసుకున్నాం. ఫొటోలకి బాగుంటుంది, రాత్రి రెండింటిదాకా కింద పాటలు పాడుకునే గుంపులకి కూడా బాగుంటుంది, నిద్రకి మాత్రం కాదు. ఆ తర్వాత ఈయూ ఆఫీసులుండే పేటకి మారాం. అక్కడి హోటళ్లు బతికేది ఆఫీసు పని మీద వచ్చేవాళ్లతో. శుక్రవారం సాయంత్రానికి వాళ్లంతా ఖాళీ చేసి వెళ్లిపోతారు, అందుకని మంగళ, బుధవారాల్లో చుక్కలు చూపించే రేట్లు శనివారం రాత్రికి మనలాంటి వాళ్లకి అందుతాయి. లక్సెంబర్గ్ స్టేషన్ చుట్టుపక్కల ఉంటే రేసుకి వెళ్లడానికి రైలు కూడా అక్కడే. గురువారం రాత్రి బార్ల ముందు ఇసకేస్తే రాలనంత జనం ఉండే ఆ కూడలి శనివారం బోసిపోయి ఉంటుంది, సందడి కావాలనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు, మాకైతే హాయిగా ఉంది. ఇక్సెల్ అనే పేటలో అద్దె ఫ్లాట్ కూడా ప్రయత్నించాం, ఎక్కడో పేరు చెప్పను. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు, నిటారుగా ఉన్న చెక్క మెట్లు, మేం బురదతో తిరిగొచ్చేసరికి తలుపు మీద "బూట్లు బాత్రూమ్‌లో కడగరాదు" అని కొత్త కాగితం. రేసుకొచ్చేవాళ్లకి గది ఇచ్చి బూట్లు కడగొద్దంటే ఎలాగండీ!

ఇంక రేసు సంగతి. కొత్తవాళ్లకి చెప్పాలంటే, సుమారు 3 కిలోమీటర్ల చుట్టుని దాదాపు గంటసేపు తిరుగుతూనే ఉంటారు, గడ్డి, బురద, ఏటవాలు గట్లు, మధ్యలో 40 సెంటీమీటర్ల ఎత్తు చెక్క అడ్డంకులు. టైర్ 33 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ యూనివర్సిటీ ఉన్న నేల ఒకప్పుడు సైనికుల కవాతు మైదానం, మామూలు రోజుల్లో పచ్చగా, శుభ్రంగా ఉంటుంది. ముందురోజు వాన పడిందా, మగవాళ్ల రేసు మొదలయ్యే మధ్యాహ్నం మూడింటికల్లా గట్టు కింద నేలంతా దమ్ము చేసిన వరి మడే. పొద్దుట్నుంచీ కుర్రాళ్ల రేసులు, ఆడవాళ్ల రేసు అన్నీ దాని మీదే నడుస్తాయి మరి. ఆడవాళ్ల రేసు వదులుకోకండి, చాలామంది భోజనానికి వెళ్లిపోతారు కాబట్టి దారి పక్కన కట్టిన తాడు దగ్గర చోటు సులువుగా దొరుకుతుంది, పోటీ తక్కువేం కాదు.

నన్నడిగితే నిలబడాల్సింది ఫినిష్ దగ్గర కాదు, రైడర్లు సైకిల్ మార్చుకునే పిట్ దగ్గర. ఒక్కో చుట్టులో రైడర్లు దాని పక్క నుంచి రెండుసార్లు పోతారు. మేం చూస్తుండగా ముందు నలుగురిలో ఉన్న ఒకతను మట్టి ముద్దలా ఉన్న సైకిల్‌ని వదిలేసి, ఇంకొకరు పట్టుకుని నిలబడ్డ శుభ్రమైన సైకిల్ మీదకి పరుగులోనే ఎక్కేశాడు. వదిలేసినదాన్ని సహాయకుడు కింద పడకముందే అందుకుని ప్రెషర్ వాషర్ దగ్గరకి పరిగెత్తాడు. ముందు చక్రాలు, తర్వాత గేర్లు, చివర్లో పెడల్ సందులో ఇరుక్కున్న గడ్డిని వేలితో పీకి, చైన్ మీద రెండు చుక్కలు నూనె. అప్పటికే రైడర్ మళ్లీ వచ్చేస్తున్నాడు, మూడు నాలుగు నిమిషాల్లో ఇదంతా అయిపోవాలి. ఫిబ్రవరి చలిలో ఆ నీళ్లలో తడిసిన చేతులు కాస్త ఎర్రబడి ఉన్నాయి, గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరకదట. ఈ ట్రోఫీలో లెక్క పాయింట్లతో కాదు, అన్ని రేసుల టైమ్ కలిపి చూస్తారు. అందుకే ఆఖరి రేసులో గెలిచేవాడి వెనక, మొత్తం మీద ముందున్నవాడు ఎన్ని సెకన్లలో వస్తున్నాడన్నది ఇంకో రేసు. పక్కనున్న పెద్దాయన చేతి గడియారం చూసుకుంటూ ప్రతి చుట్టుకీ తేడా గట్టిగా చెబుతుంటే మేమూ ఆయన మీదే ఆధారపడ్డాం, పెద్ద తెర కన్నా నయం.

తిండి దగ్గర జాగ్రత్త. ఇక్కడ ఫ్రైస్‌ని సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు, ప్లాస్ జోర్డాన్‌లో 1948 నుంచి నడుస్తున్న మేజో అంత్వాన్ లాంటి పేరున్న చోట్లా అంతే. బంగాళాదుంపే కదా అని శాకాహారులు, బీఫ్ తిననివాళ్లు కొనేసుకుంటారు. నూనె దేనిదో అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అడగండి. రేసులో వాఫల్ తిని, సాయంత్రం మతోంగే వైపు వెళ్లడం మేలు. కాంగో వాళ్ల పేట అది, బెండకాయలు, అరటికాయలు, ఘాటు పచ్చిమిర్చి దొరికే దుకాణాలున్నాయి. ఫ్లాట్‌లో వంటగది ఉంటే పనికొచ్చే సంగతి ఇది (ఆ బూట్ల కాగితం ఫ్లాట్‌లో ఉన్న ఒకే ఒక మంచి విషయం వంటగదే).

శనివారం ఖాళీగా ఉంటే, అదే 5వ లైన్‌లో ఊరి అవతలికి పోయి ఎడ్డీ మెర్క్స్ స్టేషన్‌లో దిగండి. బెల్జియం సైక్లింగ్ వీరుడు మెర్క్స్ 1972లో మెక్సికోలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిల్‌ని అక్కడ ప్లాట్‌ఫారం దగ్గరే అద్దాల పెట్టెలో ఉంచారు, మెట్రో టికెట్ తప్ప వేరే ఖర్చు లేదు. పావుగంట చాలు, దానికోసం సగం రోజు పెట్టుకోవద్దు.

మోకాళ్ల దాకా వచ్చే గమ్ బూట్లు, ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు, ఇంకో జత సాక్స్, టాయిలెట్లకి చిల్లర నాణేలు, ఇవి సంచిలో ఉండాల్సిందే. గొడుగు మాత్రం వద్దు, వెనకవాళ్లకి రేసు కనపడదు, తిడతారు. చలికోటు మంచిది వేసుకోవద్దు, తాడు దగ్గర నిలబడితే చిమ్మే బురద కోటు ధర చూసి పడదు.